చదరంగపు గడులు - ఒక మహాసంఖ్య - ఒక దిద్దుబాటు



కేరళదేశమందలి అంబలప్పుళ క్షేత్రమున శ్రీకృష్ణస్వామి ఆలయము కలదు. అచట స్వామికి నిత్యము నివేదించు పాలపాయసము మిక్కిలి ప్రసిద్ధము. ఆ పాయసమునకు మూలముగా స్థలపురాణ మొక కథను చెప్పును. స్వామి ఒక ముని వేషమున వచ్చి ఆ దేశపు రాజును చదరంగమునకు పిలిచెనట. తాను గెలిచినచో ఏమి కావలెనని రాజడుగగా, "మొదటి గడికి ఒక బియ్యపుగింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపుగా అరువది నాలుగు గడులకు గింజలిచ్చిన చాలు" ననెనట. రాజు నవ్వి యొప్పుకొనెను, ఆటలో ఓడెను. గింజలు లెక్కింప మొదలిడగా కొట్లన్నియు వట్టిపోయెను గాని గడులు నిండలేదు. అంతట స్వామి నిజరూపము చూపి, ఈ ఋణమును దినదినమును పాయసరూపమున తీర్చుమని ఆనతిచ్చెననియు, ఆ ఋణము నేటికిని తీరలేదనియు కథ.

కథలోని భక్తి అట్లుండగా, అందలి సంఖ్య యెంతటిది? దానిని మన తెలుగు పద్యమొకటి ఎట్లు దాచుకొన్నది? ఆ పద్యమును నేను ఎన్నో యేండ్లు తప్పుగా ఎట్లు బోధించితిని? ఈ మూడు విషయములును ఈ మాసపు పాఠము. మూడవది చెప్పుటకే మొదటి రెండును వ్రాయుచున్నాను.

సంఖ్యను రాబట్టు విధము

మొదటి గడిలో 1, రెండవదానిలో 2, తరువాత 4, 8, 16. వీనిని కూడుచు పోయిన 1, 3, 7, 15, 31 వచ్చును. ఏ గడివరకు కూడినను మొత్తము తరువాతి గడిలోని గింజలకంటె ఒకటి తక్కువ. ఇట్లేల అగునో చింతగింజలతో తెలిసికొనవచ్చును. మొదటి గడిలోని గింజ ప్రక్కన అరువుగా ఇంకొక గింజ నుంచుడు. రెండగును. రెండవ గడిలోని రెంటితో కూడ నాలుగగును. మూడవ గడిలోని నాలుగింటితో కూడ ఎనిమిదగును. ఇట్లు ప్రతి గడియందును కుప్ప రెట్టింపగుచు పోయి, అరువదినాలుగవ గడి దాటునప్పటికి 2 ను 64 మారులు వేసి గుణించిన సంఖ్య యగును. అరువు గింజను తీసివేసిన మనకు కావలసిన మొత్తము మిగులును.

64 మారులు గుణించుట శ్రమయే. కాని పింగళాచార్యుల ఛందశ్శాస్త్రమందు దీనికి దగ్గరిదారి కలదు. ఒక పాదమందు ఇన్ని అక్షరములున్నచో గురులఘువుల మార్పుచే ఎన్ని వృత్తములు పుట్టునను ప్రశ్నకు సమాధానముగా చెప్పబడిన పద్ధతి అది. ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను గనుక అక్షరమక్షరమునకు సంఖ్య రెట్టింపగును. చదరంగపు గడులలో జరుగునదియు ఇదియే. పద్ధతి ఏమనగా, అక్షరసంఖ్య సరియైన సగము చేయవలెను, బేసియైన ఒకటి తీయవలెను. సున్న వచ్చినంతట వెనుదిరిగి, ఒకటి తీసినచోట రెట్టించుచు, సగము చేసినచోట వర్గించుచు రావలెను.

64 ను ఆరుమారులు సగము చేసిన 1 వచ్చును. అందొకటి తీసిన సున్న. వెనుదిరుగగా మొదట 1 రెట్టింపై 2. తరువాత ఆరు వర్గములు: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, కడపటిదానిని మరల వర్గింపగా 1,84,46,74,40,73,70,95,51,616. అందొకటి తీసివేసిన

1,84,46,74,40,73,70,95,51,615.

ఇరువది అంకెల సంఖ్య. ఒక లక్షా ఎనుబది నాలుగు వేల కోటికోట్లకు పైమాట. ఒక గ్రాము తూకమునకు నలువది ధాన్యపు గింజలని ఎంచుకొన్నచో, ఈ గింజల బరువు సుమారు 46,000 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతట ఏటా పండు వరి సుమారు 80 కోట్ల టన్నులు. అన్ని దేశముల పంటయు ఐదువందల యేండ్లకు పైగా పోసినగాని ఆ గడులు నిండవు. మన నెల్లూరుసీమ మొలగొలుకులన్నియు అందొక మూలకు చాలవు.

పద్యమందలి సంఖ్య

తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యులను జైనపండితుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు చేసెను. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో అది యొకటి. జైనుని గ్రంథమును శివభక్తులును విష్ణుభక్తులును గౌరవించి చదువుకొనిరి. లెక్కకు మతభేదము లేదుగదా. ఆ పావులూరి గణితము లోనిదిగా ప్రసిద్ధికెక్కిన చంపకమాల యొకటి ఈ చదరంగపు సంఖ్యను భూతసంఖ్యలలో చెప్పును.

భూతసంఖ్య లనగా అంకెలకు బదులు వస్తువుల పేర్లు. గగనమనిన సున్న. చంద్రుడొక్కడే గనుక శశి, తుహినాంశువు మొదలగు పేర్లకు 1. వేదములు 4. మన్మథుని బాణములైదు గనుక శర, సాయక శబ్దములకు 5. కులపర్వతములు ఏడు గనుక కొండ పేర్లకు 7. దిగ్గజములు ఎనిమిది గనుక కుంజరమునకు 8. దేహమందలి నవద్వారములనుబట్టి రంధ్రమునకు 9. చదువునప్పుడు మొదటి పదము ఒకట్ల స్థానము, రెండవది పదుల స్థానము. అంకెలు ఎడమకు నడచునని నియమము. అంకెలను వ్రాసికొన్నచో లేఖకుని చేయి జారి ఒకటి మరొకటి కావచ్చును. మాటలుగా పద్యమందు కూర్చినచో ఛందస్సు వానిని కాపాడునని పూర్వుల తలంపు. ఆ తలంపు ఎంత నిజమో నాకు డెబ్బదియేండ్లు దాటినపిమ్మట తెలిసినది.

నా తప్పిదము

నేను బాల్యమున ఆ పద్యమును చెవితో విని నేర్చితిని, గ్రంథమును చూచి కాదు. ఫలముగా వచ్చు సంఖ్యనుగూడ దానితోపాటే కంఠస్థము చేసితిని. చిల్లకూరులో వేసవి సెలవులయందు పిల్లలకు శ్లోకములు, పద్యములు నేర్పుచు ఎన్నో యేండ్లుగా దీనిని చెప్పుచు వచ్చితిని. ఒక వేసవిని ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె, నేను పలకపై వ్రాసియిచ్చిన భూతసంఖ్యల పట్టికను దగ్గర నుంచుకొని, పద్యమును పదముపదముగా అంకెలలోనికి మార్చినది. ఆమెకు వచ్చినది

1,84,46,74,40,43,70,95,51,615.

నేను చెప్పిన సంఖ్యలో 73 ఉన్నచోట ఆమెకు 43 వచ్చినది. పదునొకండవ స్థానమున నేను చెప్పుచుండిన పదము "సాగర". దానిని నేను ఏడుగా లెక్కించుచుంటిని.

"అయ్యవారూ, అబ్ధి అన్నా సముద్రమే గదా, సాగరమన్నా సముద్రమే గదా! ఒకే పద్యంలో ఒకచోట నాలుగు, ఇంకొకచోట ఏడు ఎట్లా అవుతుంది?" అని ఆమె అడిగినది.

"సప్తసముద్రములని వినలేదా తల్లీ? పెద్దలు చెప్పినది, అట్లే చదువుకో" అని నేను కూర్చుండబెట్టితిని. ఆమె మారుమాటాడలేదు. పలకమీది సంఖ్యను తుడిచి నా సంఖ్యను వ్రాసికొన్నది.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. పురాణములలో సముద్రములు ఏడనుట నిజమే. కాని గణితజ్యోతిష గ్రంథములలో అబ్ధి, సాగర, పయోనిధి శబ్దములు సామాన్యముగా నాలుగింటికే వాడుక. నేను వ్రాసియిచ్చిన పట్టికలోను సముద్రమునకు ఎదుట నాలుగే యున్నది. బాలిక నా పట్టికను నమ్మినది. నేనే నా పట్టికను నమ్మలేదు.

మూడు పరీక్షలు

మరునాటి సాయంకాలము ఆ బాలికను, తక్కిన పిల్లలను మండపమున కూర్చుండబెట్టి, "నిన్న నేను తీర్పు చెప్పితిని గాని కారణము చెప్పలేదు. నేడు ఇద్దరి సంఖ్యలను పరీక్షింతము" అంటిని.

ఈ మహాసంఖ్యను గుణించి చూడకయే దానినిగూర్చి కొన్ని సంగతులు నిశ్చయముగా చెప్పవచ్చును. 4 ను 3 చే భాగించిన శేషము 1. శేషము 1 గల సంఖ్యను వర్గించిన శేషము మరల 1 యే. మన సంఖ్య 4 నుండి వర్గించుచు వర్గించుచు వచ్చినది గనుక కడపట శేషము 1. అందొకటి తీసివేసితిమి గనుక శేషము సున్న. కాబట్టి మన సంఖ్య 3 చే నిశ్శేషముగా భాగింపబడవలెను. ఇట్లే 16 ను 5 చే భాగించిన శేషము 1 గనుక 5 చేతను భాగింపబడవలెను. 256 ను 17 చే భాగించిన 15 వచ్చి శేషము 1 గనుక 17 చేతను భాగింపబడవలెను.

మొదటి పరీక్ష 3. అంకెలన్నియు కూడిన నా సంఖ్యకు 87, బాలిక సంఖ్యకు 84. రెండును మూడుచే భాగింపబడునవే. తేల్పలేకపోతిమి.

రెండవ పరీక్ష 5. రెంటికిని చివర 5 యే. ఇదియు తేల్పలేదు.

మూడవ పరీక్ష 17. పిల్లలు ఇరుజట్లై భాగహారము చేసిరి. నా సంఖ్యకు 10,85,10,25,92,57,11,50,095 వచ్చి శేషము సున్న. బాలిక సంఖ్యకు శేషము 11. అందుచే ఆమె సంఖ్య చదరంగపు సంఖ్య కాజాలదు.

ఇచట పాఠకులు గమనింపవలసినది కలదు. 3 ఎందుకు మోసపోయినది? ఏడునకు బదులు నాలుగు పడిన భేదము మూడు. భేదము 3, 6, 9 లలో ఏదైనను ఆ పరీక్షకు కనబడదు. 5 చివరి అంకెనే చూచును గాని లోపలి అంకెలను చూడదు. 17 మాత్రము ఏ స్థానమందైనను ఒక అంకె మారినచో తప్పక పట్టును. ఏలయనగా ఆ భేదము 1 మొదలు 9 వరకుగల ఒక అంకెను పదులతో గుణించినది, అట్టిదానిని 17 నిశ్శేషముగా భాగింపజాలదు. రెండు అంకెలు ఒక్కసారి మారినచో తప్పించుకొను అవకాశము కలదు గనుక, సందేహము తీర మొత్తము గుణించి చూచుటయే మేలు. పిల్లలు 4,29,49,67,296 ను వర్గించి చూచిరి. నా సంఖ్యయే వచ్చినది.

పిల్లలు "అయ్యవారే గెలిచారు" అని చప్పట్లు కొట్టిరి. నేను ఆ చప్పట్లను అంగీకరింపలేకపోతిని. సంఖ్య నాది సరియే. కాని చదివిన తీరు బాలికదే సరి. పట్టికనుబట్టి చదివిన 43 వచ్చు పద్యమును నేను నేర్పితిని. ఫలము ముందే తెలిసియుండుటచే, ఫలమునకు తగినట్లు మాటకు అర్థము మార్చుకొంటిని. తప్పు ఆమె లెక్కలో లేదు, నా పద్యములో నున్నది.

యతి చెప్పిన సాక్ష్యము

అటుపిమ్మట పద్యమును పాదములుగా విడదీసి వ్రాసితిని. చంపకమాలకు పాదమునకు 21 అక్షరములు, పదునొకండవ అక్షరము యతిస్థానము. నేను సాగర యనుచున్న పదము మొదటి పాదపు కొసను మొదలై రెండవ పాదపు తొలిని ముగియుచున్నది. అనగా రెండవ పాదము "గర" అని మొదలగుచున్నది. యతిస్థానమున నున్నది తకారము. గకారమునకు తకారముతో యతిమైత్రి లేదు. ఆ చోట తకారముతో చెల్లు అక్షరము కావలెను, దాని తరువాత ప్రాసకు రకారముండవలెను, గణము చెడరాదు, అర్థము ఏడు కావలెను. ఈ నాలుగు కట్టడులకును లొంగు పదము "భూధర". భూధరమనగా కొండ, కొండలు ఏడు. ధకార తకారములకు యతి చెల్లును. గ్రంథపాఠమును చూడగా అట్లే యున్నది.

భూధర, సాగర శబ్దములకు గణమొక్కటే, ప్రాసాక్షరమొక్కటే. అందుచే చెవికి లోపము తోచలేదు. సంస్కృతవృత్తములలో యతి విరామమేగాని అక్షరమైత్రి కాదు. ఆ చదువులో పెరిగిన నేను తెలుగు పద్యపు యతిని తూచి చూడనైతిని. గణమును ప్రాసయు దాటిపోనిచ్చిన తప్పును యతి పట్టినది. 3 యును 5 ను దాటిపోనిచ్చిన తప్పును 17 పట్టినది. ఒక్క సాక్షిని విడువక అడిగినగాని నిజము తేలదని ఆనాడు నేర్చితిని.

మహాసంఖ్య లోపలి నిర్మాణము

ఈ సంఖ్యకు ఇంకొక సొగసు కలదు. ఏ సంఖ్య వర్గమునుండియైనను ఒకటి తీసివేసిన, అది ఆ సంఖ్యకు ఒకటి తక్కువదానిని ఒకటి ఎక్కువదానిచే గుణించినదే యగును. 16 నుండి ఒకటి తీసిన 15, అది 3 ను 5 చే గుణించినది. 256 నుండి తీసిన 255, అది 15 ను 17 చే గుణించినది. ఇట్లు మెట్టుమెట్టుగా పోయిన మన మహాసంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరింటి గుణితమని తేలును. వర్గముల వరుసలోని ప్రతిదానికి ఒకటి చేర్చిన ఇవి వచ్చును.

పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సుదేశపు ఫెర్మా యను మహాగణకుడు, ఈ రీతిని పుట్టునవన్నియు ఇతరసంఖ్యచే భాగింపబడని ప్రధానసంఖ్యలే యని నమ్మెను. 3, 5, 17, 257, 65,537 వరకు అది నిజమే. తరువాతిది పది అంకెలది. దానిని భాగించి తేల్చినవారు చిరకాలము లేకపోయిరి. 1732లో ఆయిలర్ అను గణకుడు 641 ని 67,00,417 చే గుణించిన 4,29,49,67,297 వచ్చునని చూపెను. ఫెర్మా అంతటివాడును ఐదు నిజములు చూచి ఆరవదానిని నమ్మెను. ఆయిలర్ భాగించి చూచెను. పెద్దవారి మాటను పరీక్షించుట ధిక్కారము కాదు. నేటికిని గణకులు ఫెర్మాను గౌరవించుచునే యున్నారు.

కాబట్టి మన సంఖ్యకు ప్రధానభాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. వీనిలో ప్రతిదానిని గ్రహించుటయో విడుచుటయో చేసినచో మొత్తము భాజకములు 128 ఏర్పడును. పాదమునకు ఏడక్షరములు గల ఉష్ణిక్ఛందస్సునందలి వృత్తములును 128 యే. గురువో లఘువో యనుటయు, గ్రహించుటో విడుచుటో యనుటయు గణితమునకు ఒక్కటే.

క్రీ.శ. 1000 ప్రాంతమున మధ్య ఆసియాకు చెందిన అల్‌బిరూనీ యను పండితుడును చదరంగపు గడులకు ఇదే మొత్తమును గణించి వ్రాసెను. భాష వేరు, మతము వేరు, అంకెలను దాచుకొన్న తీరు వేరు. వచ్చినది ఇరువది అంకెలలో ఒక్క అంకెకైన భేదము లేని సంఖ్య. ఏ ఒక్కరి సొత్తును కాకుండుటయే సత్యమునకు గుర్తు.

మనవి

నావద్ద ఆ పద్యమును నేర్చినవారు నేడు పలు ఊళ్లలో నున్నారు. కొందరు ఉపాధ్యాయులైరి. వారి నోట సాగరమే నిలిచియుండవచ్చును, వారి శిష్యులకును అదియే చేరియుండవచ్చును. అందరి చిరునామాలు నావద్ద లేవు. ఈ పత్రిక ఉచితముగా ఇల్లిల్లు చేరును గనుక దీనిద్వారా వేడుకొనుచున్నాను. పదునొకండవ స్థానమున "సాగర" యని మీకు నేర్పియున్నచో, దానిని "భూధర" యని దిద్దుకొనుడు. మీ శిష్యులకును చెప్పుడు. నా మాటను నమ్మి దిద్దవద్దు. ఒక కాగితము తీసికొని 17 చే భాగించి చూచి, యతిని తూచి చూచి, అటుపిమ్మట దిద్దుడు.

ఆ బాలికకు మండపమున అందరియెదుట చెప్పితిని, "తల్లీ, నీ ప్రశ్న సరియైనది, నా సమాధానము తప్పు" అని. ఆమె పలక తీసి, తాను తుడిచివేసిన 43 ను మరల వ్రాసి, దానిని కొట్టివేసి ప్రక్కన 73 వ్రాసి, క్రింద "భూధర" యని వ్రాసికొన్నది. తుడిచివేయుట వేరు, కారణము తెలిసి కొట్టివేయుట వేరు.

గురువు చెప్పినది వినుట శ్రవణము. దానిని యుక్తితో పరీక్షించుట మననము. శ్రవణముతోనే ఆగిపోవలదని మన వేదాంతము చెప్పుచున్నది. నేను అర్ధశతాబ్దికి పైగా ఆ పద్యమును వింటిని, పలికితిని, మననము చేయలేదు. అంబలప్పుళ రాజు గింజలను లెక్కింపక మాట యిచ్చెను, నేను పదములను లెక్కింపక పాఠము చెప్పితిని. రాజు ఋణము పాయసముగా తీరుచున్నది. నా ఋణము ఈ దిద్దుబాటుతో కొంతయైన తీరునని ఆశించుచున్నాను.

స్వస్తి.